ఒకే ఐపీలో నాలుగు బ్లాకులు: డ్రైవర్ ఒకటి రాయాలా, నాలుగు రాయాలా?

చర్లపల్లి_బోర్డు · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న కంపెనీలో ఎంబెడెడ్ లినక్స్ పని చేస్తున్నాను. మోటార్లను టెస్ట్ చేసే కంట్రోలర్ మా ప్రొడక్ట్. బోర్డు మీద జింక్-7000 చిప్ ఉంది: రెండు కార్టెక్స్-ఎ9 కోర్లు, వాటిని ఆనుకుని ఎఫ్‌పీజీఏ, అంటే లోపలి సర్క్యూట్‌ను మనమే రాసి మార్చుకోగల భాగం. ఆ ఎఫ్‌పీజీఏలో మా హార్డ్‌వేర్ టీమ్ ఒకే ఐపీగా (ఒక సర్క్యూట్ డిజైన్‌గా) నాలుగు బ్లాకులు పెట్టింది. ఏడీసీ క్యాప్చర్ (వోల్టేజీని అంకెలుగా చదివేది), పీడబ్ల్యూఎం (పల్స్‌ల వెడల్పుతో మోటార్ పవర్ మార్చేది), ఎన్‌కోడర్ కౌంటర్ (మోటార్ ఎంత తిరిగిందో లెక్కించేది), రిలేలను నడిపే జీపీఐఓ (ఆన్, ఆఫ్ పిన్నులు). నాలుగింటికీ కలిపి 4 కేబీ అడ్రస్ రేంజ్, ఒకటే ఇంటరప్ట్ లైను (పని ఉందని ప్రాసెసర్‌ను పిలిచే తీగ), ఒకటే క్లాక్.

ఇప్పుడున్న డ్రైవర్ నేను చేరకముందు రాసింది. ఒకటే క్యారెక్టర్ డివైస్, దాని కింద లెక్కలేనన్ని ఐఓసీటీఎల్‌లు (అప్లికేషన్ డ్రైవర్‌కు ఇచ్చే ప్రత్యేక ఆదేశాలు). రిలే దగ్గర ఒక లైను మార్చినా ఎన్‌కోడర్ దాకా అన్నీ మళ్లీ టెస్ట్ చేయాల్సి వస్తోంది. వచ్చే బోర్డులో పీడబ్ల్యూఎం ఉండదు, ఏడీసీలు మాత్రం రెండు ఉంటాయి. అప్పుడు ఈ కోడ్‌ను ఏం చేయాలో ఎవరికీ తోచడం లేదు. నాలుగు డ్రైవర్లుగా విడగొడదామని నా ఆలోచన. ఒకే రిజిస్టర్‌ను (హార్డ్‌వేర్‌ను నడిపే బిట్ల గడిని) నాలుగు డ్రైవర్లు ముట్టుకుంటే ఇంకా ప్రమాదం కదా అని మా లీడ్ గారి భయం.

ఇంకో సమస్య కూడా ఉంది. పీడబ్ల్యూఎం డ్యూటీ (పల్స్ ఆన్‌లో ఉండే వాటా) మార్చేటప్పుడు అప్పుడప్పుడు ఏడీసీ బఫర్ నిండిన ఇంటరప్ట్ రాకుండా పోతుంది. అప్లికేషన్ టైమౌట్ కొట్టి ఆగిపోతుంది. గంటల తరబడి బాగానే నడుస్తుంది, కస్టమర్ ముందు డెమో పెట్టినప్పుడు టెన్షన్. దీనికీ డ్రైవర్ నిర్మాణానికీ సంబంధం ఉందా?

రాయదుర్గం_కెర్నల్ · సోమవారం రాత్రి 9:47

రిజిస్టర్ మ్యాప్ చూడకుండా విడగొట్టమనో వద్దనో చెప్పలేం. కనీసం ఈ మూడు చెప్పండి: నాలుగు బ్లాకులూ కలిసి వాడే రిజిస్టర్లు ఏవి, ఇంటరప్ట్ వచ్చాక ఏ బ్లాక్‌ది అని ఎలా తెలుస్తుంది, ఆ బిట్‌ను ఎలా క్లియర్ చేస్తారు.

ఈలోపు ఒక మాట. మీ నాలుగు బ్లాకులకూ కెర్నల్‌లో ఇప్పటికే నాలుగు ఇళ్లు ఉన్నాయి. ఏడీసీకి ఐఐఓ (సెన్సర్లు, ఏడీసీల సబ్‌సిస్టమ్), పీడబ్ల్యూఎంకి పీడబ్ల్యూఎం సబ్‌సిస్టమ్, ఎన్‌కోడర్‌కి కౌంటర్ సబ్‌సిస్టమ్ (2019లో 5.2 కెర్నల్‌తో వచ్చింది), రిలేలకు జీపీఐఓలిబ్. మీరు ఐఓసీటీఎల్‌లతో కట్టుకున్న చాలా పనులు అక్కడ రెడీగా ఉంటాయి. విడగొట్టడం వల్ల అసలు లాభం ఇదే. ఫైళ్లు చిన్నవి కావడం ఆ తర్వాతి సంగతి.

కోఠి_సోల్డర్ · సోమవారం రాత్రి 10:05

ఇంత హంగామా ఎందుకు భయ్యా, యూఐఓ వాడేయండి. రిజిస్టర్లు యూజర్ స్పేస్‌లోకి (కెర్నల్ బయట అప్లికేషన్లు నడిచే చోటికి) మ్యాప్ అవుతాయి, ఇంటరప్ట్ కోసం ఒక రీడ్ కాల్ చాలు. 2007లో 2.6.23 నుంచీ కెర్నల్‌లోనే ఉంది. ఎఫ్‌పీజీఏ వాళ్లు రోజుకో బిట్‌స్ట్రీమ్ (ఎఫ్‌పీజీఏలో లోడ్ చేసే డిజైన్ ఫైల్) మారుస్తుంటే కెర్నల్ డ్రైవర్ రాయడం దండగ.

రాయదుర్గం_కెర్నల్ · సోమవారం రాత్రి 10:16

బిట్‌స్ట్రీమ్ ఇంకా కుదురుకోని రోజుల్లో యూఐఓ మంచి దారే, కాదనను. కానీ వీళ్లది కస్టమర్ దగ్గరికి వెళ్లే ప్రొడక్ట్. యూఐఓ డీఎంఏ (ప్రాసెసర్ చేయి పడకుండా హార్డ్‌వేరే మెమరీలోకి డేటా రాయడం) సంగతి చూడదు. రిలేలను ఒక ప్రాసెస్, ఏడీసీని ఇంకో ప్రాసెస్ వాడితే రెండూ ఒకే రిజిస్టర్‌ను తమ ఇష్టం వచ్చినట్టు రాస్తాయి, మధ్యలో ఆపేవాళ్లు ఉండరు. కెర్నల్‌లో ఉన్న సమస్యను లాక్ కూడా దొరకని చోటికి మార్చినట్టవుతుంది.

చర్లపల్లి_బోర్డు · మంగళవారం ఉదయం 8:30

మ్యాప్ ఇదీ. ఆఫ్‌సెట్ 0 దగ్గర 32 బిట్ల రిజిస్టర్ ఒకటి, నాలుగు బ్లాకులకూ అదే. కింది 16 బిట్లు కంట్రోల్: ప్రతి బ్లాక్‌కు ఒక ఎనేబుల్ బిట్, పీడబ్ల్యూఎంకు అదనంగా ఒక లోడ్ బిట్. కొత్త డ్యూటీ విలువ వేరే రిజిస్టర్‌లో రాసి, ఈ లోడ్ బిట్ పెడితేనే అమల్లోకి వస్తుంది. పై 16 బిట్లు స్టేటస్: ఏ బ్లాక్ ఇంటరప్ట్ ఇచ్చిందో దాని బిట్ 1 అవుతుంది, మళ్లీ అక్కడ 1 రాస్తే క్లియర్ అవుతుంది. విడిగా మాస్క్ రిజిస్టర్ లేదు. ఇంటరప్ట్ లైన్ లెవెల్ టైపు, బిట్ ఉన్నంతసేపూ పైకే ఉంటుంది.

మిగతా రిజిస్టర్లు ఏ బ్లాక్‌వి ఆ బ్లాక్‌కే విడివిడిగా ఉన్నాయి.

ఆర్టీఎల్_మణికొండ · మంగళవారం ఉదయం 9:58

మీ ఏడీసీ ఇంటరప్ట్ ఎక్కడ పోతోందో ఈ మ్యాప్‌లోనే కనిపిస్తోంది. నేను హార్డ్‌వేర్ వైపు మనిషిని, ఇలాంటి రిజిస్టర్ చూస్తే ముందు అనుమానం అక్కడికే వెళ్తుంది.

పీడబ్ల్యూఎం కోడ్ ఏం చేస్తుంది? ఆఫ్‌సెట్ 0 చదువుతుంది, లోడ్ బిట్ కలుపుతుంది, మొత్తం 32 బిట్లూ తిరిగి రాస్తుంది. సరిగ్గా ఆ క్షణానికి ముందు ఏడీసీ బఫర్ నిండి దాని స్టేటస్ బిట్ 1 అయ్యిందనుకోండి. చదివిన విలువలో ఆ 1 వచ్చేస్తుంది, రాసేటప్పుడు అదే 1 తిరిగి వెళ్తుంది. హార్డ్‌వేర్‌కు అది "ఏడీసీ సంగతి చూసేశాం, క్లియర్ చెయ్" అన్న ఆర్డర్. ఏడీసీని ఎవరూ చూడలేదు, బిట్ మాత్రం పోయింది. ఆ బిట్ లేచిన దగ్గర్నుంచి మీ హ్యాండ్లర్ దాన్ని చూసేదాకా ఉన్న చిన్న వ్యవధిలోనే ఇది జరగాలి. అందుకే గంటలకోసారి వస్తోంది.

చర్లపల్లి_బోర్డు · మంగళవారం ఉదయం 10:20

కానీ ఆ రీడ్, రైట్ రెండింటి చుట్టూ స్పిన్‌లాక్ (ఒకరు వాడుతుంటే ఇంకొకరిని ఆపే తాళం) ఉందండి. ఇంటరప్ట్ హ్యాండ్లర్ కూడా అదే లాక్ తీసుకుంటుంది. అందుకే నేను ఆ వైపు చూడలేదు.

ఆర్టీఎల్_మణికొండ · మంగళవారం ఉదయం 10:41

స్పిన్‌లాక్ రెండో కోర్‌ను ఆపుతుంది. ఏడీసీ బ్లాక్‌ను ఆపదు కదా. ఆ స్టేటస్ బిట్‌ను పెట్టేది సాఫ్ట్‌వేర్ కాదు, మీ లాక్ ఉందో లేదో దానికి తెలియదు.

ఈ తేడాను గట్టిగా పట్టుకోండి. సాఫ్ట్‌వేర్ మాత్రమే మార్చే బిట్లనూ, హార్డ్‌వేర్ తనంతట తాను మార్చే బిట్లనూ ఒకే రిజిస్టర్‌లో పెడితే ఏ లాకూ కాపాడలేదు. ఇది ఐపీ డిజైన్‌లో సరిదిద్దాల్సిన విషయం.

ఇవాళ్టికి చేయాల్సింది: చదివిన విలువలో పై 16 బిట్లను సున్నా చేసి అప్పుడు రాయండి. స్టేటస్ బిట్ మీద 0 రాస్తే ఏమీ కాదు. ఇంకా మేలైన పద్ధతి, కంట్రోల్ బిట్ల కాపీ ఒకటి డ్రైవర్‌లో పెట్టుకుని, రిజిస్టర్ చదవకుండా ఆ కాపీనే మార్చి రాయడం.

తర్వాతి బిట్‌స్ట్రీమ్‌లో స్టేటస్‌కు వేరే రిజిస్టర్ ఇవ్వమనండి, దాని పక్కనే మాస్క్ రిజిస్టర్ ఒకటి. కంట్రోల్‌కు సెట్, క్లియర్ అని రెండు అడ్రసులు ఇవ్వగలిగితే ఇంకా బాగు. సెట్ అడ్రస్‌లో ఏ బిట్ 1 రాస్తే అది మాత్రమే లేస్తుంది, క్లియర్ అడ్రస్‌లో రాస్తే అది మాత్రమే పడుతుంది, చదవాల్సిన పనే ఉండదు. రాస్ప్‌బెర్రీ పై పికోలో ఉండే ఆర్‌పీ2040 చూడండి, దాని పెరిఫెరల్ రిజిస్టర్లు మామూలు అడ్రస్‌తో పాటు ఎక్సార్ (రాసిన బిట్లను తిరగేసేది), సెట్, క్లియర్ అడ్రసుల్లోనూ కనిపిస్తాయి. రాక్‌చిప్ వాళ్ల జీఆర్ఎఫ్‌లో (చిప్ సాధారణ కంట్రోల్ రిజిస్టర్లు) ఇంకో పద్ధతి: పై 16 బిట్లు రైట్ మాస్క్, కింది 16 బిట్లలో దేన్ని మార్చాలో వాటితో చెప్తారు. ఎఫ్‌పీజీఏలో ఇవేవీ పెద్ద ఖర్చు కావు. హార్డ్‌వేర్ టీమ్‌ను అడగడానికి మొహమాటపడకండి, డ్రైవర్ రాసేవాళ్లు చెప్తేనే మాకు తెలుస్తుంది.

రాయదుర్గం_కెర్నల్ · మంగళవారం ఉదయం 11:15

ఇదే జరుగుతోందని రుజువు కావాలంటే: పీడబ్ల్యూఎం మార్చే ప్రాసెస్‌ను టాస్క్‌సెట్‌తో కోర్ 1 మీద కట్టేయండి, ఇంటరప్ట్ కోర్ 0కి వెళ్లేట్టు ఉంచండి. అప్పుడు బిట్ పోయిన సందర్భాల్లో కోర్ 0 మీద హ్యాండ్లర్ పిలుపు అందుకుని, లాక్ కోసం ఆగి, స్టేటస్ చదివితే సున్నా చూస్తుంది. "నాది కాదు" అని తిరిగి వెళ్తుంది. ప్రాక్ డైరెక్టరీలో మీ ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్) నంబర్ కింద స్ప్యూరియస్ అనే ఫైల్ ఉంటుంది, అందులో చివరిసారి ఎవరూ పట్టించుకోని ఇంటరప్ట్ ఎప్పుడు వచ్చిందో కనిపిస్తుంది. టైమౌట్ వచ్చిన ప్రతిసారీ ఆ సమయం మారితే ఇక సందేహం లేదు.

రెండూ కోర్ 0 మీదే నడిస్తే ఏ ఆనవాలూ మిగలదు. లాక్ తీసుకున్నప్పుడు ఇంటరప్ట్‌లు ఆపి ఉంటాయి, ఈలోపు బిట్ క్లియర్ అయి లైన్ కిందికి దిగిపోతుంది. లెవెల్ లైన్ కాబట్టి కోర్‌కు అసలు కబురే రాదు. కెర్నల్ లాగ్‌లో ఏదైనా వస్తుందని ఎదురు చూడకండి. చివరి లక్ష ఇంటరప్ట్‌లలో 99,900 ఎవరూ పట్టించుకోకపోతేనే కెర్నల్ ఆ లైన్‌ను మూసేసి అరుస్తుంది.

ఈసీఐఎల్_క్రాస్‌రోడ్స్ · మంగళవారం మధ్యాహ్నం 2:30

బగ్ దొరికింది కాబట్టి మొదటి ప్రశ్నకు వస్తాను. లీడ్ గారి భయానికి కారణం ఉంది. అలాగని ఒక్క డ్రైవర్‌గా ఉంచడం ఆ భయానికి మందు కాదని ఈ బగ్ చూస్తేనే తెలుస్తోంది. ఒకే ఫైల్‌లో ఉండి కూడా పీడబ్ల్యూఎం ఫంక్షన్ ఏడీసీ బిట్‌ను తుడిచేసింది.

నా వరకు సూత్రం ఒక్కటే. ప్రతి రిజిస్టర్‌కూ ఒక్కరే యజమాని ఉండాలి. మిగతావాళ్లు ఆ యజమానిని అడగాలి, తాము రాయకూడదు. అపార్ట్‌మెంట్‌లో బోరు మోటార్ స్విచ్ వాచ్‌మన్ ఒక్కరే వేసినట్టు. డ్రైవర్లు ఎన్ని అన్నది దాన్నుంచి తేలుతుంది. డేటాషీట్‌లో ఎన్ని చాప్టర్లు ఉన్నాయో చూసి విడగొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, అది సరైన గీత కాదు. హార్డ్‌వేర్ ఏం పంచుకుంటోందో చూసి గీత గీయాలి.

మీ దగ్గర పంచుకునేవి నాలుగు: ఆఫ్‌సెట్ 0, ఇంటరప్ట్ లైన్, క్లాక్, రీసెట్ ఉంటే రీసెట్. ఈ నాలుగూ ఒక పేరెంట్ డ్రైవర్‌కి ఇవ్వండి. అది ఏ సబ్‌సిస్టమ్‌లోనూ కనిపించదు, ఏడీసీ అంటే ఏమిటో దానికి తెలియాల్సిన పనే లేదు. దాని కింద నాలుగు చైల్డ్ డ్రైవర్లు. ప్రతి చైల్డ్ తన సొంత రిజిస్టర్లను తానే చూసుకుంటుంది, పంచుకున్నదేదైనా కావాలంటే పేరెంట్ ఇచ్చిన ఫంక్షన్‌ను పిలుస్తుంది. కెర్నల్‌లో దీనికి ఎంఎఫ్‌డీ (మల్టీ ఫంక్షన్ డివైస్) అనే ఏర్పాటు ఉంది.

చదవడానికి మంచి ఉదాహరణ టీఐ ఏఎం335ఎక్స్. బీగల్‌బోన్ బ్లాక్‌లో ఉండే చిప్. అందులో టచ్‌స్క్రీన్, ఏడీసీ రెండూ ఒకే హార్డ్‌వేర్: ఒకే ఎనలాగ్ ఫ్రంట్ ఎండ్, 8 ఛానెళ్లు, 16 స్టెప్‌ల ఒకే సీక్వెన్సర్. కొన్ని ఛానెళ్లు టచ్‌కు, మిగిలినవి మామూలు ఏడీసీకి. టచ్ డ్రైవర్ ఇన్‌పుట్ సబ్‌సిస్టమ్‌లో ఉంది, ఏడీసీ డ్రైవర్ ఐఐఓలో ఉంది. రెండింటికీ కావాల్సిన స్టెప్ ఎనేబుల్ రిజిస్టర్ మాత్రం ఎంఎఫ్‌డీ పేరెంట్ చేతిలో ఉంది. ఏడీసీకి ఒక రీడింగ్ కావాలంటే పేరెంట్‌ను అడుగుతుంది. సీక్వెన్సర్ టచ్ పనిలో ఉంటే అది అయ్యేదాకా పేరెంట్ ఆపుతుంది, తర్వాత దారి ఇస్తుంది, పని కాగానే టచ్ స్టెప్‌లను తిరిగి పెడుతుంది. టచ్ డ్రైవర్ రాసినవాళ్లకు ఏడీసీ గురించి ఆలోచించే అవసరం దాదాపు ఉండదు. ఆ మూడు ఫైళ్లూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఎవరు ఏ రిజిస్టర్ రాస్తున్నారో కాగితం మీద గీసుకోండి, మీ డిజైన్ సగం అక్కడే తయారవుతుంది.

నిజాంపేట్_ఎంబెడెడ్ · మంగళవారం సాయంత్రం 6:50

సర్ మాట మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం. నాలుగు మాడ్యూళ్లు, ఒక పేరెంట్, వాటి మధ్య హెడర్ ఫైల్, ఎవరు ముందు లోడ్ అవ్వాలన్న గొడవ. ఐదుగురు లేని టీమ్‌కు ఇది భారం. ఒకే మాడ్యూల్‌లో ఒకే ప్రోబ్ ఫంక్షన్ (డివైస్ దొరికినప్పుడు కెర్నల్ పిలిచేది) నుంచి ఐఐఓ డివైస్, పీడబ్ల్యూఎం చిప్, కౌంటర్, జీపీఐఓ చిప్ నాలుగూ రిజిస్టర్ చేయవచ్చు. కెర్నల్ వద్దనదు. యజమాని ఒక్కరే ఉండాలన్న సూత్రం ఫైల్ లోపల కూడా పాటించవచ్చు కదా, ఆఫ్‌సెట్ 0 కోసం రెండు ఫంక్షన్లు రాసి, మిగతా కోడ్ అంతా వాటి ద్వారానే వెళ్లాలని పెట్టుకుంటే చాలు.

ఈసీఐఎల్_క్రాస్‌రోడ్స్ · మంగళవారం రాత్రి 8:10

చిన్న ఐపీకి, ఎప్పుడూ మారని ఐపీకి మీరు చెప్పింది చాలు, ఒప్పుకుంటాను. కానీ ఆయన మొదటి పోస్ట్ చూడండి: వచ్చే బోర్డులో పీడబ్ల్యూఎం లేదు, ఏడీసీలు రెండు. ఒకే ప్రోబ్ అయితే ఇది ఉందా, అది ఉందా, ఎన్ని ఉన్నాయి అన్న షరతులతో నిండిపోతుంది. మధ్యలో ఒకటి ఫెయిల్ అయితే వెనక్కి విప్పే కోడ్ ఇంకా పెద్దది. కౌంటర్ నమోదు కాకపోతే రిలేలు కూడా రాకుండా పోవాలా? చైల్డ్ డివైస్‌లు విడిగా ఉంటే ఒకటి లేవకపోయినా మిగతా మూడూ పని చేస్తాయి. మోటార్ టెస్టింగ్‌లో రిలే అంటే కరెంటు తెగ్గొట్టేది, అది మిగతావాటి మీద ఆధారపడకూడదు.

లోడ్ వరుస గురించి బెంగ వద్దు. పేరెంట్ తయారు చేస్తేనే చైల్డ్ డివైస్‌లు పుడతాయి, కాబట్టి పేరెంట్ ఎప్పుడూ ముందే ఉంటుంది. చైల్డ్‌కు వేరే ఏదైనా కావాలంటే, ఉదాహరణకు ఏడీసీ రిఫరెన్స్ వోల్టేజ్ ఇచ్చే రెగ్యులేటర్ ఇంకా లేవకపోతే, ప్రోబ్ డిఫర్ ఎర్రర్ ఇచ్చి వెనక్కి రావచ్చు, కెర్నల్ మళ్లీ పిలుస్తుంది. 2012లో 3.4 నుంచీ ఆ సదుపాయం ఉంది. ఎవరు ఇంకా ఆగి ఉన్నారో డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ లోపలి వివరాలు చూపే డైరెక్టరీ) ఒక జాబితా కూడా దొరుకుతుంది.

అమీర్‌పేట్_ఫ్రెషర్ · మంగళవారం రాత్రి 9:25

అన్నా, నేను కోర్సులో క్యారెక్టర్ డ్రైవర్ దాకే నేర్చుకున్నాను. ఎంఎఫ్‌డీ, ప్లాట్‌ఫామ్ డ్రైవర్ లాంటివి ఇంట్లో చేసి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నా దగ్గర పాత రాస్ప్‌బెర్రీ పై ఒకటే ఉంది.

కోఠి_సోల్డర్ · మంగళవారం రాత్రి 9:40

అది చాలు తమ్ముడూ. పాత పైలో బీసీఎం2835 చిప్ ఉంటుంది, అందులో ఆక్స్ అనే భాగం చూడు. మినీ యూఆర్ట్ (సీరియల్ పోర్టు), ఎస్‌పీఐ1, ఎస్‌పీఐ2 (సెన్సర్లు కట్టుకునే బస్‌లు) మూడింటికీ ఒకటే ఇంటరప్ట్, ఒకటే ఎనేబుల్ రిజిస్టర్. ఎనేబుల్ బిట్ లేకపోతే ఆ బ్లాక్ రిజిస్టర్లు ముట్టుకోవడం కూడా కుదరదు. అంటే ఈ థ్రెడ్‌లో ఉన్న సమస్యే. లినక్స్‌లో దాన్ని చాలా పొందికగా తీర్చారు: ఆ మూడు ఎనేబుల్ బిట్లనూ మూడు క్లాక్ గేట్లుగా చూపించారు. యూఆర్ట్ డ్రైవర్ తన క్లాక్ ఆన్ చేయమంటుంది, బిట్ లేస్తుంది. ఎనేబుల్ రిజిస్టర్ ఉందని కూడా ఆ డ్రైవర్‌కు తెలియదు. ఆ క్లాక్ డ్రైవర్ చాలా చిన్నది, ఒక సాయంత్రం కూర్చుంటే పూర్తిగా అర్థమవుతుంది. ఎస్‌పీఐకి కట్టుకోవడానికి చిన్న సెన్సర్ కావాలంటే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

ఈసీఐఎల్_క్రాస్‌రోడ్స్ · మంగళవారం రాత్రి 9:58

కోఠి గారు చెప్పిన ఉదాహరణ చాలా మంచిది. పంచుకున్న బిట్ నిజానికి క్లాక్ లాంటిదైతే క్లాక్‌గా, రీసెట్ లాంటిదైతే రీసెట్ కంట్రోలర్‌గా చూపించండి. చైల్డ్ డ్రైవర్ పేరెంట్ పేరు కూడా తెలియకుండా, కెర్నల్‌లో అందరికీ తెలిసిన ఏపీఐతో దాన్ని అడుగుతుంది. సొంత ఫంక్షన్లు ఎక్స్‌పోర్ట్ చేయడం చివరి దారి.

నిజాంపేట్_ఎంబెడెడ్ · బుధవారం ఉదయం 7:45

సరే, రిలే సంగతి విన్నాక నాకూ విడగొట్టడమే మేలనిపిస్తోంది. అయితే డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కు చెప్పే వివరణ) నాలుగు చైల్డ్ నోడ్లు రాయాలా, ఒక్క నోడ్ చాలా? ఆక్సిలరీ బస్ అని ఇంకోటి కూడా ఉంది కదా, అది ఎందుకు కాదు?

రాయదుర్గం_కెర్నల్ · బుధవారం ఉదయం 9:10

డివైస్ ట్రీ హార్డ్‌వేర్ ఏమిటో చెప్పాలి, లినక్స్ దాన్ని ఎన్ని డ్రైవర్లుగా కోసుకుందో చెప్పకూడదు. రేపు మీరు రెండింటిని కలిపేస్తే డివైస్ ట్రీ మారకూడదు. కాబట్టి నేనైతే ఒకటే నోడ్ రాసి, పేరెంట్ ప్రోబ్‌లో ఐపీ వెర్షన్ రిజిస్టర్ చదివి, ఏ బ్లాకులు ఉంటే ఆ చైల్డ్ డివైస్‌లనే పుట్టిస్తాను. వెర్షన్ రిజిస్టర్ లేకపోతే ఆర్టీఎల్ గారు చెప్పిన మార్పులతో పాటు అదీ అడగండి. చైల్డ్ డ్రైవర్లు పేరెంట్ నోడ్‌నే వాడుకోగలవు, కాబట్టి పీడబ్ల్యూఎం సెల్స్, జీపీఐఓ కంట్రోలర్ లాంటివి అక్కడే పెట్టవచ్చు. ఏదైనా బ్లాక్‌కు తన సొంత రెగ్యులేటరో పిన్నులో ఉంటే అప్పుడు చైల్డ్ నోడ్‌కు అర్థముంది.

ఆక్సిలరీ బస్ 2021లో 5.11తో వచ్చింది. నెట్‌వర్క్ కార్డ్ ఒకటే, కానీ ఈథర్నెట్ ఒక సబ్‌సిస్టమ్‌లో, ఆర్‌డీఎంఏ (నెట్‌వర్క్ మీదుగా నేరుగా ఇంకో మెషిన్ మెమరీని వాడటం) ఇంకో దాంట్లో ఉండే పీసీఐ కార్డుల కోసం ముఖ్యంగా. ఎంఎఫ్‌డీ పుట్టించేవి ప్లాట్‌ఫామ్ డివైస్‌లు, పీసీఐ కార్డ్ కింద వాటిని పెట్టడం చాలామంది మెయింటెయినర్లకు నచ్చదు. మీది మెమరీ మ్యాప్డ్ బ్లాక్, ఎంఎఫ్‌డీ సరిపోతుంది.

మీ పనికి అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ ఇంకోటి ఉంది, ఎస్‌టీఎం32 టైమర్లు. ఒకే టైమర్ హార్డ్‌వేర్, దాని మీద పీడబ్ల్యూఎం డ్రైవర్, కౌంటర్ డ్రైవర్, ఏడీసీని సమయానికి లేపే ఐఐఓ ట్రిగ్గర్ డ్రైవర్. మూడూ ఒక ఎంఎఫ్‌డీ పేరెంట్ కింద, రెగ్‌మ్యాప్ (రిజిస్టర్లు చదివి రాయడానికి కెర్నల్ ఇచ్చే ఏపీఐ) పంచుకుంటూ. అక్కడ చైల్డ్ నోడ్లు వాడారు, అదీ చూసి మీకు ఏది నప్పుతుందో తేల్చుకోండి.

రెగ్‌మ్యాప్ అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. అది లాకింగ్ చూసుకుంటుంది, డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో రిజిస్టర్లు చూపిస్తుంది, 2011 నుంచీ అందరూ వాడుతున్నారు. కానీ దాని అప్‌డేట్ బిట్స్ ఫంక్షన్ లోపల జరిగేది కూడా చదవడం, మార్చడం, రాయడమే. ఇప్పటి బిట్‌స్ట్రీమ్‌లోని ఆఫ్‌సెట్ 0 మీద దాన్ని వాడితే అదే బగ్ కొత్త బట్టలు వేసుకుని వస్తుంది. స్టేటస్ వేరే రిజిస్టర్‌కు వెళ్లేదాకా ఆ ఒక్కదాన్నీ పేరెంట్ కాపీ పద్ధతిలోనే రాయండి.

ఆర్టీఎల్_మణికొండ · బుధవారం ఉదయం 9:36

మాస్క్ రిజిస్టర్ మాత్రం మర్చిపోకండి. అది లేకుండా ఒక చైల్డ్ తన ఇంటరప్ట్‌ను మాత్రమే ఆపుకోలేదు, మొత్తం లైన్ ఆపాలి.

ఈసీఐఎల్_క్రాస్‌రోడ్స్ · బుధవారం మధ్యాహ్నం 1:20

ఇంటరప్ట్ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, అందరూ తడబడేది అక్కడే.

సులువుగా కనిపించే దారి: నాలుగు చైల్డ్ డ్రైవర్లూ అదే లైన్‌ను షేర్డ్‌గా తీసుకోవడం. పని చేస్తుంది, కానీ నలుగురూ స్టేటస్ రిజిస్టర్ చదువుతారు, నలుగురూ క్లియర్ చేస్తారు, అంటే యజమాని లేనట్టే. పేరెంట్‌ను చిన్న ఇంటరప్ట్ కంట్రోలర్‌గా మార్చండి. ఒక ఐఆర్‌క్యూ డొమైన్, అందులో నాలుగు ఇంటరప్ట్‌లు. స్టేటస్ చదివేది, క్లియర్ చేసేది, మాస్క్ చేసేది పేరెంట్ ఒక్కటే. చైల్డ్‌కు తన సొంత ఐఆర్‌క్యూ నంబర్ దొరుకుతుంది, లైన్ పంచుకున్న సంగతే దానికి తెలియదు. ప్రాక్ ఇంటరప్ట్స్‌లో నాలుగూ నాలుగు వరుసలుగా కనిపిస్తాయి. ఏ బ్లాక్ ఇంటరప్ట్ ఎన్నిసార్లు వచ్చిందో చూడగానే తెలుస్తుంది. ఫీల్డ్‌లో డీబగ్ చేసేవాళ్లకు అది ఎంత మేలో చెప్పలేను.

క్లాక్‌ను రన్‌టైమ్ పీఎంకు (వాడనప్పుడు డివైస్‌ను నిద్రపుచ్చే ఏర్పాటు) వదలండి. చైల్డ్ తనను తాను లేపమంటే కెర్నల్ ముందు పేరెంట్‌ను లేపుతుంది, పేరెంట్ క్లాక్ ఆన్ చేస్తుంది. నలుగురూ నిద్రపోతేనే పేరెంట్ నిద్రపోతుంది.

డ్రైవర్‌ను తీసేసే దారి మీద ఎవరూ శ్రద్ధ పెట్టరు, దయచేసి మీరు పెట్టండి. డెవ్‌ఎం ఫంక్షన్లతో (తీసుకున్నవాటిని కెర్నలే చివర్లో వదిలేసేవి) తీసుకున్న ఇంటరప్ట్ రిమూవ్ ఫంక్షన్ పూర్తయ్యాకే విడుదలవుతుంది. రిమూవ్‌లో మీరు చేత్తో క్లాక్ ఆపేస్తే, ఆ మధ్యలో హ్యాండ్లర్ నడిచి క్లాక్ లేని బ్లాక్‌ను చదవబోతుంది. అక్కడ సిస్టమ్ గడ్డకట్టుకుపోవచ్చు, లేదా అబార్ట్ వస్తుంది. క్లాక్‌నూ డెవ్‌ఎంతోనే, ఇంటరప్ట్ కంటే ముందు తీసుకోండి. విడుదల వెనక్కి వరుసలో జరుగుతుంది, ఇంటరప్ట్ ముందు పోతుంది, క్లాక్ తర్వాత. మీ పేరెంట్ బయటి లైన్‌ను షేర్డ్‌గా తీసుకుంటే కెర్నల్ కాన్ఫిగ్‌లో డీబగ్ షర్క్ అనే ఆప్షన్ పెట్టండి. షేర్డ్ ఇంటరప్ట్‌ను వదిలేటప్పుడు కెర్నల్ కావాలనే హ్యాండ్లర్‌ను ఇంకోసారి పిలుస్తుంది, ఇలాంటి తప్పు టేబుల్ మీదే బయటపడుతుంది. సిస్‌ఎఫ్‌ఎస్‌లో అన్‌బైండ్, బైండ్ (డ్రైవర్‌ను డివైస్ నుంచి విడదీసి మళ్లీ కలపడం) ఒక లూప్‌లో పెట్టి, పక్కన ఏడీసీ నడుపుతూ రాత్రంతా వదిలేయండి.

చర్లపల్లి_బోర్డు · గురువారం రాత్రి 8:40

అందరికీ చాలా థాంక్స్. కోర్లు విడగొట్టి టెస్ట్ చేశాం. టైమౌట్ వచ్చిన ప్రతిసారీ స్ప్యూరియస్ ఫైల్‌లో సమయం మారింది. పై 16 బిట్లు సున్నా చేసి రాసే మార్పు పెట్టాక నిన్నటి నుంచి ఒక్క టైమౌట్ కూడా లేదు. లీడ్ గారికి ఈ థ్రెడ్ చూపించాను, పేరెంట్ డ్రైవర్ డిజైన్‌కు ఒప్పుకున్నారు. హార్డ్‌వేర్ టీమ్ స్టేటస్, మాస్క్, వెర్షన్ రిజిస్టర్లు ఇస్తామన్నారు.

రెండు చిక్కులు మిగిలాయి. అప్లికేషన్ టీమ్ కోడ్ అంతా పాత ఐఓసీటీఎల్‌ల మీద ఉంది, వాళ్లు ఒక్కసారిగా మారలేరు. రెండోది, డ్యూటీ మార్చి, ఏడీసీ చదివి, మళ్లీ డ్యూటీ మార్చే కరెంట్ లూప్ ఇప్పుడు ఒకే ఐఓసీటీఎల్‌లో ఉంది. డ్రైవర్లు విడిపోతే అది మూడు సిస్టమ్ కాల్స్ అవుతుంది.

నిజాంపేట్_ఎంబెడెడ్ · గురువారం రాత్రి 9:05

మొదటిదానికి: కెర్నల్‌లో పాత ఇంటర్‌ఫేస్ నిలబెట్టే బదులు యూజర్ స్పేస్‌లో ఒక చిన్న లైబ్రరీ రాయండి. పాత ఫంక్షన్ పేర్లే, లోపల మాత్రం లిబ్‌ఐఐఓ, లిబ్‌జీపీఐఓడీ పిలుస్తుంది. అప్లికేషన్ వాళ్లు ఒకసారి లింక్ మార్చుకుంటే చాలు, తర్వాత తీరిగ్గా కొత్త పద్ధతికి వస్తారు. ముందు రిలేలు మార్చండి, అది తేలిక. ఏడీసీ ఆఖరున.

ఆర్టీఎల్_మణికొండ · గురువారం రాత్రి 9:30

రెండోదానికి నా జవాబు డ్రైవర్లో లేదు. కరెంట్ లూప్ మామూలు లినక్స్ యూజర్ స్పేస్‌లో ఉండకూడదు, ఒక ఐఓసీటీఎల్ అయినా మూడైనా. షెడ్యూలర్ ఎప్పుడు వదులుతుందో తెలియని చోట మోటార్ కరెంట్‌ను నమ్మి పెట్టలేం. పక్కనే ఎఫ్‌పీజీఏ పెట్టుకున్నది దానికే కదా. లూప్‌ను అక్కడ రాయండి, లినక్స్ నుంచి సెట్‌పాయింట్, లిమిట్లు మాత్రం ఇవ్వండి. పీడబ్ల్యూఎం మధ్యలో ఏడీసీ శాంపిల్ తీసుకోవడం కూడా హార్డ్‌వేర్ ట్రిగ్గర్‌తోనే జరగాలి. ఐఐఓ ట్రిగ్గర్ ఏ పీడబ్ల్యూఎం అంచుకు కట్టాలో చెప్తుంది, అంతే. అప్పుడు ఆ లూప్ ఐదో బ్లాక్ అవుతుంది, పేరెంట్ కింద దానికీ ఒక చైల్డ్.

చర్లపల్లి_బోర్డు · శుక్రవారం ఉదయం 8:15

అర్థమైందండి. లూప్‌ను ఎఫ్‌పీజీఏలోకి తెచ్చే పని వచ్చే బిట్‌స్ట్రీమ్‌లో పెట్టారు. ఒక చివరి ప్రశ్న: కొత్త పేరెంట్ డ్రైవర్ మొదటి వెర్షన్ లోడ్ చేస్తే బూట్ మధ్యలో బోర్డు కదలకుండా ఆగిపోతోంది, ఎర్రర్ ఏమీ రాదు. పాత డ్రైవర్‌ను బూట్ అయ్యాక చేత్తో లోడ్ చేసేవాళ్లం, అప్పుడు ఈ సమస్య లేదు.

రాయదుర్గం_కెర్నల్ · శుక్రవారం ఉదయం 8:50

రెండు చోట్ల చూడండి. బిట్‌స్ట్రీమ్‌ను ఎవరు, ఎప్పుడు లోడ్ చేస్తున్నారు? ఎఫ్‌పీజీఏ ఇంకా ఖాళీగా ఉన్నప్పుడు ఆ అడ్రస్ చదివితే బస్ మీద జవాబిచ్చేవాళ్లు ఉండరు, కోర్ అక్కడే నిలబడిపోతుంది. యూ-బూట్‌లోనే (బూట్‌లోడర్) లోడ్ చేయండి, లేదా ఎఫ్‌పీజీఏ మేనేజర్ లోడ్ చేశాకే మీ డివైస్ పుట్టేట్టు డివైస్ ట్రీ ఓవర్‌లే వాడండి.

బిట్‌స్ట్రీమ్ ముందే ఉంటే అనుమానం క్లాక్ మీదే. బూట్‌లోడర్ ఆన్ చేసి వదిలిన క్లాక్‌లను, ఏ డ్రైవరూ అడగకపోతే, కెర్నల్ బూట్ చివర్లో ఆపేస్తుంది. పేరెంట్ నోడ్‌లో క్లాక్ రాసి, ఐపీలో ఏ రిజిస్టరైనా చదవడానికి ముందే దాన్ని ఎనేబుల్ చేస్తున్నారేమో చూడండి. తేల్చుకోవడానికి ఒకసారి కెర్నల్ కమాండ్ లైన్‌లో క్లాక్ ఇగ్నోర్ అన్‌యూజ్డ్ ఆప్షన్ పెట్టి బూట్ చేయండి. అప్పుడు ఆగకపోతే కారణం అదే. ఆ ఆప్షన్‌ను మాత్రం ప్రొడక్ట్‌లో వదలకండి.

చర్లపల్లి_బోర్డు · శుక్రవారం ఉదయం 11:25

క్లాకే. డివైస్ ట్రీలో ఆ లైన్ లేదు. పెట్టాక ఐదు నిమిషాల్లో నాలుగు చైల్డ్ డివైస్‌లూ లేచాయి. పేరెంట్ కోడ్ శుభ్రం చేసి సోమవారానికి ఇక్కడే పెడతాను, అందరూ రివ్యూ చేయాలి.